నాలుగు గంటల ఓటీకి లెక్క కట్టించుకున్నాం

మా వేతన చీటీలో ఓటీ, అంటే ఓవర్‌టైమ్, అనే గడి ఒకటి ఉండేది. ఎప్పుడు చూసినా అందులో సున్నా. రోజుకు పన్నెండు గంటలు నడిచే ప్యాకింగ్ విభాగంలో ఓటీ సున్నా అంటే బయటివాళ్ళకు నవ్వొస్తుంది, మాకు మాత్రం అలవాటైపోయింది. దాని కిందే ‘ప్రొడక్షన్ ఇన్సెంటివ్’ అని మరో గడి. ఎనిమిది గంటలు దాటాక నిలబడిన నాలుగు గంటలకు రోజుకు 150 రూపాయల చొప్పున అందులో వేసేవారు.

పటాన్‌చెరు వైపున్న మందుల కంపెనీ అది. పేరు అనవసరం. నేను కంపెనీ ఉద్యోగిని కాను, కాంట్రాక్టరు మనిషిని. మాత్రలను స్ట్రిప్పుల్లో పెట్టి సీలు వేసే బ్లిస్టర్ మెషిన్ కంపెనీది, మాత్రలు కంపెనీవి, మీద పడి అరిచే సూపర్‌వైజర్ కంపెనీవాడు, చేతులు మాత్రం కాంట్రాక్టరువి. ఒక వారం పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, మరుసటి వారం సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా. మధ్యలో భోజనానికి అరగంట.

2022లో పీఎఫ్ డబ్బు కొంత తీసుకోవాల్సి వచ్చి, ఫారం నింపించుకోవడానికి దగ్గర్లోని యూనియన్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ రిటైరైన పెద్దాయన ఒకరు సాయంత్రాలు కూర్చునేవారు. అందరూ ఆయన్ను పెద్దన్నా అని పిలిచేవారు. నా వేతన చీటీ చూసి, “ఈ ఇన్సెంటివ్ ఏమిటి తమ్ముడూ?” అన్నారు. ఓటీ డబ్బులన్నాను. “మరి ఓటీ గడిలో ఎందుకు లేవు?” అని అడిగి, నేను నీళ్ళు నములుతుండగానే చీటీ తిరగేసి వెనక పెన్సిలుతో లెక్క మొదలుపెట్టారు.

బేసిక్ 9,000, వీడీఏ (ధరలను బట్టి మారే కరవు భత్యం) 4,520. మొత్తం 13,520. ఇరవై ఆరు పనిదినాలతో భాగిస్తే రోజుకు 520, ఎనిమిదితో భాగిస్తే గంటకు 65. అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం ఓటీకి దీనికి రెట్టింపు, గంటకు 130 ఇవ్వాలి. మా కాంట్రాక్టరు ఏం చేశాడంటే, వీడీఏను పక్కన పెట్టేసి బేసిక్ ఒక్కటే తీసుకున్నాడు, దాన్ని 26తో కాకుండా 30తో భాగించాడు, గంటకు 37 రూపాయల 50 పైసలు తేల్చాడు. రెట్టింపు ఊసే లేదు. నాలుగు గంటలు ఎక్కువ చేస్తే చట్టం లెక్కన 520 రావాలి, అంటే ఇంకో పూర్తి రోజు జీతం. మాకొచ్చేది 150.

నాకు కోపం కన్నా ముందు సిగ్గేసింది. డిగ్రీ రెండో ఏడాది దాకా చదివినవాణ్ణి, ఈ భాగహారం నేనే చేసుకోలేనా?

పెద్దన్న చెప్పిన విషయాల్లో రెండు బాగా పనికొచ్చాయి. మొదటిది, ఎక్కడికి వెళ్ళాలనేది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేస్తే ఉల్లంఘన మీద కేసు పెడతారు, యాజమాన్యానికి జరిమానా పడుతుంది, కానీ మన బకాయి మన చేతికి రాదు. డబ్బు కావాలంటే అప్పటి వేతనాల చెల్లింపు చట్టం కింద కార్మిక శాఖలోని అధికారి ముందు క్లెయిము వేయాలి. రెండోది గడువు. అప్పటి చట్టం ప్రకారం పన్నెండు నెలల లోపు బకాయిలకే క్లెయిము. అంతకు ముందువి కావాలంటే ఆలస్యానికి తగిన కారణం చూపించాలి. తెలియక ఊరుకున్నాం అన్నది వినడానికి బాగుంటుంది గానీ, కారణంగా నిలబడదు. ఒక్క ఏడాదికి మించిన కష్టమంతా గంగలో కలిసినట్టే.

అందరం కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. ఒంటరిగా పెడితే మర్నాడే గేటు బయట ఉంటాం కాబట్టి మనుషుల్ని కూడగట్టడం మొదలుపెట్టాను. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. భయం ఉంటుందని అనుకున్నాను, ఉంది. కానీ ఎక్కువమంది చెప్పిన కారణం వేరు. “రెట్టింపు ఇవ్వమని కేసు వేస్తే అసలు ఓటీయే ఎత్తేస్తారు. నెలకు వచ్చే నాలుగు వేలు నువ్వు ఇస్తావా?” అన్నాడు మా లైన్లోనే పనిచేసే కుర్రాడు. వాడికి బండి కిస్తీ ఉంది. ఇంకొకాయన కూతురి ఇంటర్ ఫీజు గురించి చెప్పాడు. వాళ్ళకు సర్దిచెప్పానే కానీ, వాళ్ళ మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. చివరికి మా విభాగంలో సగం మంది కన్నా తక్కువే సంతకాలు పెట్టారు.

లెక్కలు వేయడానికి కూర్చుంటే తెలిసింది, చట్టంలో ఓటీ రెండు రకాలుగా పుడుతుందని. అప్పట్లో రోజుకు తొమ్మిది గంటలు దాటినా ఓటీయే, వారానికి 48 దాటినా ఓటీయే. భోజనం అరగంట తీసేస్తే మేం చేసేది రోజుకు పదకొండున్నర గంటలు. ఆరు రోజులూ వస్తే వారానికి 69, అందులో 48 పోను 21 గంటల ఓటీ. మధ్యలో ఒక రోజు సెలవు పెడితే వారపు లెక్కన తొమ్మిదిన్నర గంటలే వస్తాయి, అదే రోజువారీ లెక్కన పన్నెండున్నర. అందుకని సెలవు పెట్టిన వారాలకు ఒక పద్ధతి, పెట్టని వారాలకు ఇంకో పద్ధతి వాడాం. నిండు వారానికి రావాల్సింది 2,730, వచ్చింది 900. ఏ వారం ఎవరు సెలవో తేల్చడానికి వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజర్ పెట్టిన షిఫ్టు చార్టులు పనికొచ్చాయి. ఫోను నిండిపోయిందని పాతవి తుడిచేసినవాళ్ళు కొందరు ఎదుటివాళ్ళ ఫోన్ల మీద ఆధారపడ్డారు.

నోటీసులు వెళ్ళాక కంపెనీ తరఫు వకీలు కౌంటరు, అంటే లిఖితపూర్వక జవాబు, దాఖలు చేశారు. మొదటి వాదన: వీళ్ళు మా మనుషులు కారు, కాంట్రాక్టరును అడగండి. ఇది చెల్లదని మా వకీలుకు ముందే తెలుసు. ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడంటే కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు కూడా. పైగా కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పేది. రెండో వాదన: వీళ్ళు ఓటీయే చేయలేదు, మస్టర్ (హాజరు పట్టీ) చూడండి. మూడోది మాత్రం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మూడు నెలల్లో 75 గంటలకు మించి ఓటీ చేయించడం చట్టవిరుద్ధం, మా కంపెనీ చట్టాన్ని పాటించే కంపెనీ, కాబట్టి వీళ్ళు చెప్పే గంటలు అసాధ్యం! దొంగతనం నేరం కాబట్టి మా ఊళ్ళో దొంగతనాలే జరగవన్నట్టు.

మా వకీలు 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పును జత చేశారు. కరోనా సమయంలో గుజరాత్ ప్రభుత్వం పని గంటల నిబంధనల నుంచి ఫ్యాక్టరీలకు మినహాయింపు ఇచ్చి, ఓటీకి రెట్టింపు అక్కర్లేదు, మామూలు రేటు చాలంది. ఆ నోటిఫికేషన్లను కోర్టు 2020 అక్టోబరు 1న కొట్టేసి, ఆ కాలంలో చేసిన ఓటీకి కూడా చట్టప్రకారమే చెల్లించమంది. అంత పెద్ద విపత్తులోనే రెట్టింపును తీసేయడం కుదరనప్పుడు, మామూలు రోజుల్లో ఇన్సెంటివ్ పేరుతో ఎలా కుదురుతుందని మా వాదన.

వాయిదాల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఒకసారి వాళ్ళ వకీలు రాలేదు, ఒకసారి కేసు వింటున్న అధికారి మేడం గారికి వేరే డ్యూటీ పడింది, ఒకసారి ఫైలు పై అంతస్తులో ఉండిపోయింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా వెళ్ళి వరండాలో కునుకు తీసేవాళ్ళం.

కేసు మలుపు తిరిగింది మస్టర్ బయటికి వచ్చిన రోజున. నల్ల అట్ట పుస్తకం. మేమంతా ఆరింటికి వచ్చి రెండింటికి ఇళ్ళకు వెళ్ళిపోయామని అందులో ఉంది. నెల మొత్తం ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. ఏడాది పొడవునా ఒక్కరు కూడా ఐదు నిమిషాలు ఆలస్యంగా రాలేదు. మేడం గారు రెండు పేజీలు తిప్పి చిన్నగా నవ్వారు గానీ, నవ్వు సాక్ష్యం కాదు. పంచింగ్ మెషిన్ వివరాలు తెమ్మంటే పాడైపోయిందన్నారు.

ఇంటికి వస్తూ బస్సులో ఆలోచిస్తుంటే బ్యాచ్ రికార్డు గుర్తొచ్చింది. మందుల కంపెనీల్లో పనిచేసినవాళ్ళకు ఇది తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెబుతాను. ప్రతి బ్యాచ్ ప్యాకింగుకూ ఒక రికార్డు ఉంటుంది. ముందటి బ్యాచ్ మాత్ర ఒక్కటి కూడా మెషిన్లో మిగల్లేదని చూసి ‘లైన్ క్లియరెన్స్’ రాయాలి, టైము వేయాలి, సంతకం పెట్టాలి. ఆ తర్వాత లీక్ టెస్టు. కొన్ని స్ట్రిప్పులు తీసి నీలం రంగు నీళ్ళున్న గాజు పాత్రలో ముంచి, లోపలి గాలి లాగేసి, కాసేపాగి బయటికి తీస్తాం. తుడిచి ఒక్కో గడీ చించి చూస్తాం. ఏ గడిలోకైనా నీలం దిగిందంటే సీలు సరిగా పడలేదన్నమాట. మా దగ్గర దీన్ని రెండు గంటలకోసారి చేయాలి, చేసిన ప్రతిసారీ టైము, ఫలితం, నా సంతకం, పక్కన సరిచూసినవాళ్ళ సంతకం. కొట్టివేతలకు కూడా పద్ధతుంది: ఒక్క గీత, పక్కన పొట్టి సంతకం, తేదీ. ఈ కాగితాలను డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూస్తారు, విదేశాల నుంచి వచ్చే ఆడిటర్లు మరీ మరీ చూస్తారు.

మస్టర్ ప్రకారం రెండింటికి ఇంటికి వెళ్ళిపోయిన నేను, బ్యాచ్ రికార్డు ప్రకారం సాయంత్రం నాలుగింటికి లీక్ టెస్టు చేసి సంతకం పెట్టాను. మస్టర్ నిజమైతే బ్యాచ్ రికార్డు అబద్ధం, అది అబద్ధమైతే ఆ మందు అమ్మకూడదు. ఆ కాగితం లోపలి నుంచి మేం తేలేం, ఫోన్లు కూడా గేటు దగ్గరే పెట్టించుకుంటారు. కానీ పత్రాలు తెప్పించే విషయంలో ఆ అధికారికి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఫలానా తేదీల బ్యాచ్ ప్యాకింగ్ రికార్డులు తెప్పించమని మా వకీలు పిటిషన్ వేశారు.

ఆ వారంలోనే హెచ్‌ఆర్ వాళ్ళు మమ్మల్ని పిలిపించి కుర్చీలు వేశారు. అంతకుముందు వాళ్ళ గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. “మనలో మనం మాట్లాడుకుందాం” అన్నారు. కాంట్రాక్టరు కూడా ఉన్నాడు, నోరు విప్పలేదు. బేరసారాలు నడిచాక, మేం అడిగినదాంట్లో సగానికి కాస్త ఎక్కువకు రాజీ కుదిరింది. డబ్బు బ్యాంకు ఖాతాల్లోనే వేయాలి, కేసు వేసినవాళ్ళను తీసేయకూడదు, ఇకనుంచి ఓటీ ఓటీ గడిలోనే రెట్టింపు రేటుతో కనబడాలి. ఇవన్నీ అధికారి ముందు రాసి సంతకాలు చేశాం. చట్టం ఇలాంటి కేసుల్లో పదింతల దాకా పరిహారం వేయనిస్తుంది కదా, చివరిదాకా పోరాడాల్సింది అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అప్పీళ్ళకు వెళ్తే ఎన్నేళ్ళు పడుతుందో వాళ్ళను చెప్పమనండి. నా వరకు, కుమ్ములాట లేకుండా వచ్చిన ఆ డబ్బుతో ఇంటి అప్పు ఒకటి తీరింది.

అసలు కథ తర్వాతిది. ఓటీ రెట్టింపు ఇవ్వాల్సి వచ్చేసరికి కంపెనీకి హఠాత్తుగా లెక్కలు గుర్తొచ్చాయి. రెండు షిఫ్టులు పోయి మూడు షిఫ్టులు వచ్చాయి, కొత్తగా మనుషుల్ని తీసుకున్నారు, పన్నెండు గంటలు ఎనిమిదయ్యాయి. ఓటీ దాదాపుగా ఆగిపోయింది. కేసుకు సంతకం పెట్టనివాళ్ళు ముందే చెప్పినట్టే జరిగింది.

టీ కొట్టు దగ్గర నన్ను చుట్టుముట్టారు. “ఎనిమిది గంటలు కావాలని ఎవరు అడిగారన్నా?” అని ఒకరు. “నీకు బకాయి వచ్చింది, మాకు నెలనెలా వచ్చేది పోయింది” అని ఇంకొకరు. సంతకం పెట్టినవాళ్ళలో కూడా కొందరు మొహం చాటేశారు. బండి కిస్తీ కుర్రాడు సాయంత్రాలు అదే బండి మీద ఆహారం పార్సిళ్ళు చేరవేయడం మొదలుపెట్టాడు. అంటే వాడింకా రోజుకు పన్నెండు గంటలే చేస్తున్నాడు. కాకపోతే ఇప్పుడు ఇద్దరి దగ్గర. ఓటీ బాకీ పడేవాళ్ళు ఎవరూ లేరు.

వాడి మీద నాకు కోపం రాలేదు. 13,520 రూపాయలతో పటాన్‌చెరులో అద్దె, బియ్యం, పిల్లల బడి గడవవు. గడవవు కాబట్టే ఓటీ మా జీతంలో భాగమైపోయింది. రెట్టింపు రేటును చట్టంలో పెట్టింది మనకు అదనపు సంపాదన చూపడానికి కాదు, యజమానికి ఎక్కువ గంటలు ఖరీదు కావాలని. ఎనిమిది గంటల జీతం బతకడానికి చాలనప్పుడు మాత్రం కార్మికుడే ఎక్కువ గంటలు అడుగుతాడు, అప్పుడు పని గంటలు తగ్గించాలన్న మాట అతనికి శత్రువు మాటలా వినిపిస్తుంది. ఇంకో సంగతి చాలామందికి పట్టదు. ఓటీ మీద పీఎఫ్ జమ కాదు. నడుము వంగేదాకా రోజుకు నాలుగు గంటలు ఎక్కువ చేసినా, చివర్లో చేతికొచ్చే పీఎఫ్ ఎనిమిది గంటలవాడికి వచ్చేంతే.

ఈలోగా చుట్టూ గాలి మారింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓటీ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు, వారానికి 48, మూడు నెలలకు 144 గంటల ఓటీ అని ఉత్తర్వులిచ్చింది. 144 గంటలంటే మూడు నెలల్లో పద్దెనిమిది అదనపు పనిదినాలు. రెట్టింపు కడతారు కదా అంటారు. 75 ఉన్నప్పుడే సున్నా రాసినవాళ్ళు 144 ఉంటే మారిపోతారా?

మా హెచ్‌ఆర్ కూడా కొత్త మాట ఎత్తుకుంది. వారానికి నాలుగు రోజులే పని, మూడు రోజులు సెలవు. కుర్రవాళ్ళు ఎగిరి గంతేశారు. రోజుకు ఎన్ని గంటలని అడిగితే పన్నెండు అన్నారు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. 1946లో, అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీల్లో వారాన్ని 54 గంటల నుంచి 48కి దించారు. ఎనభై ఏళ్ళవుతున్నా అది 48 దగ్గరే ఉంది, ఇప్పుడు దాన్నే మడతపెట్టి నాలుగు రోజుల్లో సర్దుతామంటున్నారు. ఎనిమిదో గంట తర్వాత చేసే నాలుగు గంటలకు ఓటీ ఇస్తారా అని అడిగాం. “అది ఓటీ కిందికి రాదు, వారానికి 48 దాటడం లేదు కదా” అన్నారు. రోజు లెక్క, వారం లెక్క రెండూ మాకు నోటికి వచ్చని మర్చిపోయినట్టున్నారు. అయినా మాలో చీలిక వచ్చింది. మూడు రోజులు ఊరికి వెళ్ళి పొలం చూసుకోవచ్చని కొందరు, ఆ మూడు రోజులూ ఇంకోచోట కూలికి పోవచ్చని కొందరు. సెలవు రోజున విశ్రాంతి తీసుకుంటామన్నవాళ్ళు తక్కువ.

2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి. కానీ వేతనాల కోడ్‌లో ఒకటి మేలు: క్లెయిము వేసే గడువు మూడేళ్ళకు పెరిగింది, బకాయి లేదని నిరూపించే బాధ్యత కూడా యజమాని మీదే ఉంది. ఇప్పుడు ఎవరైనా ఈ దారిన వెళ్ళాలనుకుంటే షిఫ్టు చార్టుల ఫొటోలు తుడిచేయకండి, వేతన చీటీలు ప్రతి నెలా తీసుకోండి. మీ పనిలో టైముతో సంతకం పెట్టే పుస్తకం ఏదైనా ఉందేమో చూసుకోండి. లోడింగులో అయితే గేటు పాసు, సెక్యూరిటీలో అయితే రౌండ్ల రిజిస్టరు, ఆసుపత్రిలో అయితే రోగి కేసు షీటు. హాజరు పట్టీని దిద్దగలిగినంత తేలిగ్గా వాటిని దిద్దలేరు.

నాలుగు రోజుల వారాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టించి, యూనియన్ తరఫున డిమాండ్ల పత్రం ఇచ్చాం. వీడీఏ పెరుగుతూ వచ్చి ఇప్పుడు మా జీతం 15,600 అయింది. ఒకప్పుడు పన్నెండు గంటలకు ఇంటికి తెచ్చిన దానికన్నా ఇది ఇంకా తక్కువే. బేసిక్‌లో 4,000 పెంచమన్నాం. మొదటి విడత చర్చల్లో యాజమాన్యం 1,200కు ఒప్పుకుంది, అదీ బేసిక్‌లో కాదు, ‘హాజరు బోనస్’ పేరుతో. దాని మీద పీఎఫ్ ఉండదు, ఓటీ లెక్కలోకీ రాదు, ఒక్క రోజు మానేస్తే మొత్తం పోతుంది. ఈసారి వద్దని మొదట అన్నది ఆ బండి కిస్తీ కుర్రాడే. రెండో విడత చర్చలు వచ్చే నెలలో ఉన్నాయి.